చెట్టులో పెట్టిన అతుకు

అతుకు ఎక్కడుందో చూపించమని వచ్చినవాళ్లందరినీ సవాలు చేసేదాన్ని. కళ్లద్దాలు సవరించుకుని, ముక్కు ఫోటోకి ఆనేంత దగ్గరగా పెట్టి వెతికినవాళ్లు కూడా చివరికి చేతులెత్తేసేవారు. అరవైల చివర్లో తార్నాకలో ఉంటూ, యూనివర్సిటీ భూగోళ శాఖలో టెంపరరీ ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నాకున్న ఆస్తి ఆ పొగరొక్కటే. పటాలు గీయడం, ట్రేసింగు చేయడం, ఫోటోలు అతికించడం నా పని. జీతం తక్కువ, చేతికి అంటిన సిరా ఎక్కువ.

మాది అనంతపురం వైపు. అన్నయ్యకు హైదరాబాదులో గుమాస్తా ఉద్యోగం వస్తే అమ్మా నేనూ వెంట వచ్చి తార్నాకలో రెండు గదుల ఇంట్లో దిగాం. అక్కడి నుంచి మా శాఖకు నడిచే పోయేదాన్ని. దారి పొడుగునా బండరాళ్లు, ఎండిన గడ్డి, అక్కడక్కడా తుమ్మచెట్లు. క్యాంపస్ తూర్పు అంచున నలభై దాకా ఇళ్లుండేవి. పల్లెల నుంచి వచ్చి పాడి పెట్టుకున్నవాళ్లు, రాయి కొట్టేవాళ్లు ఆ ఇళ్లలో ఉండేవారు. రోజూ పొద్దున్నే మాకు పాలు పోసే ఆమెది కూడా అక్కడే. నల్లగొండ దిక్కు నుంచి రెండు బర్రెలతో వచ్చి పదకొండేళ్లుగా అక్కడే ఉంటోంది. ఆమె బర్రె అంటే మా అమ్మ ఎనుము అనేది. ఇద్దరూ పాలగిన్నె ముందు కూర్చుని దాని దూడ గురించి అరగంట మాట్లాడుకునేవారు.

ఒకసారి ఆమెకు జ్వరమొచ్చి రెండు రోజులు రాకపోతే గిన్నె పట్టుకుని నేనే వాళ్లింటికి వెళ్లాను. గడ్డి కప్పు, మట్టి గోడలు, గోడ నిండా కొట్టిన పిడకలు. ఎదురుగా పెద్ద తుమ్మచెట్టు. కూతురు పాలు పిండుతుంటే ఆమె మంచంలో నుంచే నా గిన్నె చూసి, "బిడ్డకు కొసరు పొయ్యి" అని కేక వేసింది. ఆ ఇల్లు నేను ఎరుగుదును. ఇది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత తప్పించుకోవడానికి వీలు లేకుండా.

దీపావళి ముందు మా హెడ్డు గారికి ఒక కోరిక పుట్టింది. శాఖ ప్రదర్శన గదిలో గోడ పొడుగునా క్యాంపస్ తూర్పు వైపు అంతా ఒకే ఫోటోగా ఉండాలి. మా కెమెరా ఒక్క చూపులో అంత మేర పట్టదు. మేడ మీద నిలబడి, కెమెరాను కొంచెం కొంచెం తిప్పుతూ, ఒక ఫోటో అంచు తర్వాతి ఫోటోలో కూడా వచ్చేలా వరుసగా తీసి, ప్రింట్లు అతికించాలి. ఫోటోలు తీయాల్సింది మా ఫోటోగ్రాఫరు గారు, అతికించాల్సింది నేను. పని బాగుంటే నా ఉద్యోగం పర్మనెంటు చేయమని రాస్తానని హెడ్డు గారు అందరి ముందూ అన్నారు.

ఫోటోగ్రాఫరు గారు మెట్టుగూడ నుంచి సైకిలు మీద వచ్చేవారు. రిటైరు కావడానికి రెండేళ్లుంది. మనిషి నెమ్మది, పనిలో మాత్రం మొండి. మొదటి ఫోటోకి ఎంత వెలుతురు పెట్టారో అయిదింటికీ అంతే పెట్టారు. మూడో ఫోటోలో ఎండ కొట్టినట్టుంది, కొంచెం తగ్గించకూడదా అని అడిగితే, "దేనికది మంచిగ రావాలనుకుంటే ఏదీ పక్కదానితోని కలువదమ్మా. ఆకాశం మెట్లు మెట్లుగ కనిపిస్తది," అన్నారు. ప్రింట్లు కూడా ఒకే తొట్టిలో, ఒకే లెక్కన కడిగారు. తడి కాగితం లాగితే సాగుతుందని, ఆరేదాకా నన్ను ముట్టనివ్వలేదు.

ఒక్క చిక్కు వచ్చింది. మేడ మీద నీళ్ల ట్యాంకు అడ్డం. మూడు ఫోటోలు ఒకచోట నుంచి తీశాక, మిగతా రెండూ పదిహేను అడుగులు పక్కకు జరిగి తీయాల్సి వచ్చింది. మనం జరిగితే దూరంగా ఉన్న కొండ కదలదు గానీ, మధ్యలో ఉన్న చెట్టు వెనక ఇల్లు పక్కకు జరుగుతుంది. కిటికీ ఊచ ముందు తల అటూ ఇటూ కదిపి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. మూడో ఫోటోలో ఆ పెద్ద తుమ్మచెట్టు వెనక ఏమీ లేదు. నాలుగో ఫోటోలో అదే చెట్టుకు ఎడమ పక్కన గడ్డి కప్పు ఇల్లొకటి బయటపడి ఉంది.

అతుకు వేయడంలో పద్ధతి చెబుతాను. రెండు ఫోటోల్లోనూ ఉన్న భాగంలో ఒక గీత ఎంచుకోవాలి. పై ఫోటోను ఆ గీత వెంట బ్లేడుతో పైపైన మాత్రమే గాటు పెట్టాలి. తర్వాత వెనక నుంచి మెల్లగా చింపితే అంచు పలచబడుతుంది. వెనక వైపు గరుకు కాగితంతో రుద్దితే ఇంకా పలచబడి ఉల్లిపొరంత అవుతుంది. మైదా జిగురులో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, కింది ఫోటో మీద దాన్ని పరిచి, రబ్బరు రోలరుతో నొక్కి, కారిన జిగురు తుడిచేయాలి. ఆరాక సన్నటి కుంచెతో మచ్చలు దిద్దాలి. గీత ఎక్కడ ఎంచుకుంటామన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఖాళీ నేలలో అయితే అతుకు కనిపిస్తుంది. ఆకుల్లో, రాళ్లలో అయితే దాక్కుంటుంది.

మూడుకీ నాలుగుకీ మధ్య నాకు రెండు దారులున్నాయి. ఆ ఇంటికి ఎడమగా ఖాళీ నేలలో కోస్తే ఇల్లు ఉంటుంది, కానీ కాలిబాట ఒకచోట తెగి వేలు మందం పక్కకు జరుగుతుంది. ఒక బండరాయి సగానికి విరిగినట్టు కనిపిస్తుంది. తుమ్మచెట్టు అంచు వెంట కోస్తే అన్నీ కలుస్తాయి, కాలిబాట సాఫీగా సాగిపోతుంది. ఇల్లొక్కటే పైన వచ్చే మూడో ఫోటో కిందికి పోతుంది.

భూతద్దం పెట్టి చూశాను. పిడకల గోడ కనిపించింది. కట్టుకొయ్య దగ్గర నల్లటి చుక్క, అది బర్రె. ఎవరిల్లో గుర్తుపట్టాను. గుర్తుపట్టి కూడా, ఇది గోడకు వేలాడే బొమ్మే కదా అనుకున్నాను. నలభై ఇళ్లలో ఒకటి తగ్గితే ఎవరికి లెక్క అనుకున్నాను. చెట్టు వెంటే కోశాను.

"అతికించే ముందు రెండు దిక్కుల ఏమేమున్నయో లెక్క పెట్టినవా?" అని ఫోటోగ్రాఫరు గారు డార్కురూము తలుపు దగ్గర నుంచి అడిగారు. ఆయన ఎప్పుడూ అడిగే మాటే అది.

"పెట్టాను," అన్నాను, తల ఎత్తకుండా.

ఫోటో గోడకెక్కింది. హెడ్డు గారు దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఇంత పొడుగు ఫోటో తీసే కెమెరా ఎక్కడ కొన్నారని పక్క శాఖవాళ్లు అడిగారు. పర్మనెంటు ఇంటర్వ్యూకి తారీఖు కూడా వేశారు. నేను ఇంటికి పోతూ కాలిబాట మీద నవ్వుకుంటూ నడిచాను.

సంక్రాంతి పోయాక ఎస్టేటు ఆఫీసు వాళ్లు వచ్చి ఆ ఫోటో అడిగి తీసుకెళ్లారు. తూర్పు వైపు ప్రహరీ గోడ కడతారట. లోపల పడే ఇళ్లకు బదులుగా నాలా అవతల జాగా ఇస్తారట. గోడ మాట వినగానే కొందరు రాత్రికి రాత్రి కొత్తగా తడికెలు పాతారు, అది నిజమే. అందుకని ఎస్టేటు ఆఫీసరు ఒక ఉపాయం చేశారు. దీపావళి ముందు తీసిన ఫోటోలో ఉన్న ఇళ్లకే జాగా, లేనివి కొత్తవి. ఫోటో అంచున ఆఫీసు గుండ్రటి ముద్ర, తారీఖు వేసి, మీద ట్రేసింగు కాగితం పరిచి ఎర్ర సిరాతో ఇళ్లకు నంబర్లు వేశారు. నలభై రెండు వచ్చాయి. నంబరున్న వాళ్లకు చిట్టీలు పంచారు. మిగతావాళ్లు శనివారం లోగా ఖాళీ చేయాలి.

నాకు ఈ సంగతి మంగళవారం పొద్దున మా గుమ్మంలోనే తెలిసింది. పాలామె గిన్నె దించి, పాలు కొలవకుండా కూర్చుంది.

"మా ఇల్లు ఫోటోల లేదంటున్నరమ్మా," అంది మా అమ్మతో. "జాగ కోసం మొన్న మొన్న ఏసుకున్న గుడిసె అంటున్నరు. పదకొండేండ్ల సంది ఉన్ననని చెప్పిన. ఫోటో అబద్ధమాడదు, నువ్వే ఆడుతున్నవన్నడు ఆ సారు."

అమ్మ నా వైపు చూసింది. నేను జడ అల్లుకుంటున్నాను.

"నువ్వు గాడనే కొలువు చేస్తవు గద బిడ్డా. మా ఇల్లు చూసినవు గద. జర ఆ సారుకు చెప్పరాదూ," అంది ఆమె. "జాగ పోతె పోనియ్, బర్రెల్ని తోలుకొని యాడికన్న పోత. అందరి ముంగట అబద్ధాలదాన్నన్నడు."

కనుక్కుంటానన్నాను. ఆమె వెళ్లాక అమ్మ, "ఏమే, ఆయమ్మ అంతగా అడుగుతాంటే రాయి మాదిరి నిలబడుకున్యావు. పోయి చెప్పల్ల," అంది. నేను అన్నం తినకుండానే బయటపడ్డాను.

చెబితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. శుక్రవారం ఇంటర్వ్యూ. హెడ్డు గారు నా గురించి రాసింది ఆ ఒక్క ఫోటో చూసే. అది తప్పు ఫోటో అని నేనే చెప్పాలి. చెప్పకపోతే శనివారం ఆ ఇల్లుండదు. మంగళవారం అంతా ట్రేసింగు బల్ల మీద వంగి ఒక్క గీత కూడా గీయలేదు. సాయంత్రం ఇంటికి కాలిబాట వదిలేసి రోడ్డు మీదుగా చుట్టు తిరిగి పోయాను, ఆ తుమ్మచెట్టు కంటపడకుండా. బుధవారం పొద్దున పాలు తీసుకోవడానికి అమ్మనే పంపి, నేను పెరట్లో ఉండిపోయాను. ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. నన్ను అడగలేదు. అడగకపోవడం ఇంకా కష్టంగా అనిపించింది.

ఆ రోజు ఫోటోగ్రాఫరు గారి దగ్గరికి వెళ్లి, నాలుగో నెగటివు మళ్లీ ప్రింటు వేసి ఇమ్మన్నాను. ఎందుకని అడగలేదాయన. ప్రింటు తొట్టిలో తేలుతుండగా ఎర్ర దీపం వెలుతురులో తుమ్మచెట్టు వచ్చింది, దాని పక్కన ఇల్లు వచ్చింది. ఆయన కాసేపు చూసి, "అరె," అన్నారు. అంతే.

తడి ఆరీ ఆరకుండానే ఎస్టేటు ఆఫీసుకు పట్టుకెళ్లాను. ఆఫీసరు చెడ్డమనిషి కాదు. కుర్చీ చూపించి, ప్రింటు అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది నిన్న తీసిన ఫోటో కాదని నేనెట్ల నమ్మాలమ్మా? ఇవాళ పొద్దున కడిగినట్టుంది, ఇంకా తడి ఉన్నది. నా దగ్గరున్నదానికి ముద్ర ఉన్నది, తారీఖు ఉన్నది. దాంట్ల లేదు."

"దాంట్లోనూ ఉందండీ," అన్నాను. "పైన అతికించిన కాగితం కింద ఉంది."

ఆయన నన్ను వింతగా చూశారు. "అయితే రేపు పది గంటలకు మీ హెడ్డు గారిని తీసుకొని రా. అందరి ముందు తీసి చూపించు. లేకపోతే ఆ మాట ఇక వద్దు."

హెడ్డు గారికి చెప్పడం ఎలా చెప్పానో ఇప్పటికీ గుర్తు లేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఆ ఫోటో పాడవుతుంది కదమ్మా," అన్నారు. "అవుతుంది సార్," అన్నాను. కళ్లజోడు పెట్టుకుని, పది గంటలని డైరీలో రాసుకున్నారాయన.

గురువారం పది గంటలకు ఎస్టేటు ఆఫీసు పొడుగు బల్ల మీద ఫోటో పరిచి ఉంది. హెడ్డు గారు, ఆఫీసరు, ఇద్దరు గుమాస్తాలు, దూది డబ్బా పట్టుకుని ఫోటోగ్రాఫరు గారు. పాలామెను కూడా పిలిపించారు. గడప అవతలే నిలబడింది, కొంగు రెండు చేతులా పట్టుకుని. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

జిగురు నీటితో ఊడుతుంది, అది నాకు తెలుసు. ఊడేటప్పుడు కింది ఫోటో పొరను కూడా పట్టుకుని లేచి వస్తే, ఇల్లుండాల్సిన చోట తెల్ల కాగితం మిగులుతుంది. అప్పుడు ఆమె అబద్ధాలకోరే అవుతుంది, నాతో కలిపి. వేలు మందం దూది తడిపి చెట్టు మీద పరిచాను. పది నిమిషాలు ఆగాలి. ఒక గుమాస్తా గడియారం వైపు చూసి దగ్గాడు.

వెదురు పుల్లతో అంచు లేపాను. రాలేదు. నేను అంత గట్టిగా నొక్కి అతికించానని ఆ రోజు ఎంత గర్వపడ్డానో. ఇంకో తడి దూది పెట్టాను. ఫోటోగ్రాఫరు గారు నా చెవి దగ్గరికి వంగి, "తొందర పడకు. నీళ్లను పని చెయ్యనియ్," అన్నారు. ఈసారి కొమ్మల చివర కొంచెం కదిలింది. పుల్లను పడుకోబెట్టి తోశాను. చర్రుమని చిన్న చప్పుడు. ఆగిపోయాను. చూడడానికి భయమేసింది. హెడ్డు గారు బల్ల అంచును పట్టుకున్నారు.

చిరిగింది పైదే. దాన్ని మడిచి, వేలితో జిగురు పక్కకు నెట్టాను. మొదట గడ్డి కప్పు కనిపించింది. తర్వాత పిడకల గోడ. కప్పు మీద ఒకచోట పొర లేచి తెల్లగా చార పడింది, మిగతాదంతా చెక్కుచెదరలేదు. కట్టుకొయ్య, బర్రె. బర్రె పక్కన ఒక మనిషి వంగి ఉంది. అంతకుముందు భూతద్దంలో ఆ మనిషిని నేను చూడలేదు.

ఆఫీసరు భూతద్దం తీసుకుని చాలాసేపు చూశారు. ముద్ర చూశారు, మళ్లీ ఇల్లు చూశారు. ఎర్ర సిరా తెప్పించి, ట్రేసింగు మీద నలభై మూడు అని వేశారు. చిట్టీ రాసి గుమ్మం వైపు చాపారు. ఆమె లోపలికొచ్చి తీసుకుంది. చదవడం రాదు, అయినా రెండు వైపులా తిప్పి చూసింది.

"ఇది ఎట్ల జరిగింది?" అని అడిగారు ఆఫీసరు.

నేను వివరంగా చెప్పాను. నీళ్ల ట్యాంకు, పదిహేను అడుగులు జరగడం, చెట్టు వెనక ఇల్లు పక్కకు రావడం, అతుకు ఆకుల్లో పెట్టడం. ఒక్క ముక్క అబద్ధం లేదు. చెప్పాల్సిన ఒక్క ముక్కే చెప్పలేదు. అంతా విని హెడ్డు గారు ఊపిరి వదిలి, "అంటే కెమెరా స్టాండు కదిలించడం వల్ల వచ్చిన పొరపాటు," అన్నారు. ఫోటోగ్రాఫరు గారి వైపు తిరిగి, "ఇన్నేళ్ల అనుభవం ఉండి ఎలా కదిలించారండీ?" అన్నారు.

అప్పుడైనా నోరు తెరవాల్సింది. శుక్రవారం రేపే.

"తప్పయింది సార్," అన్నారు ఫోటోగ్రాఫరు గారు.

బయటికొచ్చాక సైకిలు తాళం తీస్తూ, "ఆ దినం లెక్క పెట్టిన అన్నవు గదమ్మా," అన్నారు నా మొహం చూడకుండా. నేను తడి దూది చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆయన సైకిలెక్కి వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నమే ఫోటో బాగుచేశాను. ఈసారి ఖాళీ నేలలో కోశాను. కాలిబాట తెగింది, బండరాయి విరిగింది, అతుకు ఆమడ దూరం నుంచి కనిపిస్తుంది. తర్వాత చాలా ఏళ్లు అది మా ప్రదర్శన గదిలోనే ఉంది. ఈ పని ఎవరు చేశారండీ, ఇక్కడ కలవలేదే అని వచ్చినవాళ్లు అంటుంటే, నేనే అని చెప్పేదాన్ని. అంతవరకే చెప్పేదాన్ని.

శుక్రవారం పొద్దున గిన్నె పట్టుకుని గుమ్మంలోకి నేనే వచ్చాను. పాలామె మామూలుగానే కూర్చుని పాలు కొలిచింది. మొహంలో మూడు రోజుల అలసట ఉంది, కోపం లేదు.

"బిడ్డా, ఒక్కటడుగుత," అంది. "ఆ ఫోటోలు అతికిచ్చింది నువ్వేనంట గద. అతికిచ్చేటప్పుడు మా ఇల్లు నీకు కనిపియ్యలేదా?"

అడిగింది తెలుసుకోవాలనే. నిలదీయడానికి కాదు. నిలదీసి ఉంటే చెప్పేసేదాన్నేమో. ఇంటర్వ్యూ కోసం అమ్మ ఇస్త్రీ చేసి ఉంచిన చీర కట్టుకుని ఉన్నాను.

"లేదు," అన్నాను.

"ఎట్ల కనిపిస్తది తియ్," అంది ఆమె. "మాది చిన్న ఇల్లు. చెట్టు పెద్దగున్నది."

తర్వాత చెంబు వంచి, ఎప్పటికంటే ఎక్కువే కొసరు పోసింది. వద్దనే ధైర్యం కూడా లేక, గిన్నె అలాగే పట్టుకుని నిలబడ్డాను.